బొత్తాం పక్కన గొడుగు

ఆయన చొక్కా మూడో బొత్తాం దగ్గర భార్య వేళ్లు ఆగాయి.

"ఇవాళైనా ఆఫీసులో చెప్తారా?"

"నాలుగింటికి గొడుగులాయన వస్తాడు. ఆయన ఒప్పుకున్నాక చూద్దాంలే."

"నెల నుంచీ చూస్తూనే ఉన్నారుగా," అంటూ ఆవిడ మిగిలిన బొత్తాలు పెట్టేసింది. భర్త కుడిచేతి వేళ్లు వణకడం మొదలై నెల దాటింది. ఆ సంగతి వాళ్లిద్దరికీ, డాక్టరుకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆఫీసులో ఆయన్ని అందరూ బొత్తాం బాబాయి అంటారు. ముప్పై ఒక్క ఏళ్లుగా కంపెనీలకు లోగోలు గీయడమే పని. గీసినదాన్ని చిన్నది చేసి, ఒక నల్ల కోటు బొత్తాం పక్కన పెట్టి చూస్తాడు. ఆ సైజులో గుర్తుపట్టలేకపోతే ఎంత అందమైన బొమ్మైనా చెత్తబుట్టకే. ఇంత చేసినా, ఆయన గీసింది గీసినట్టుగా ఒక్కటీ బోర్డెక్కలేదు. రంగు పెంచమనో, పక్కన నక్షత్రం తగిలించమనో ఎవరో ఒకరు వేలు పెట్టేవాళ్లు.

గొడుగుల ఫ్యాక్టరీ ఆసామి ఇప్పటికి మూడుసార్లు తిప్పి పంపాడు. మొదట్లో గొడుగు, వాన, కింద భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కావాలన్నాడు. "అంతమందికి గొడుగు చాలదండీ," అని బాబాయి అంటే నవ్వలేదు కూడా. ఒక్కో విడతకీ కొంత చెరిపేస్తూ వచ్చాడు బాబాయి. వాన పోయింది, పిల్లలు పోయారు, దంపతులూ పోయారు. చివరికి కుంచెతో ఒక వంపు, దాని కింద ఒక కొక్కెం మిగిలాయి.

"ఇదీ తిప్పి పంపితే ఈ బల్ల తీసేసి ఇంకో కంప్యూటర్ పెట్టక తప్పదు బాబాయ్," అంది ఆఫీసు యజమానురాలు, గోడకేసి చూస్తూ. ఆ బల్ల వేయించింది వాళ్ల నాన్నే.

వంపు ఒక్క ఊపులో రావాలి. మధ్యాహ్నానికి పదకొండు కాగితాలు పాడయ్యాయి. ఎవరూ చూడకుండా ఎడంచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని, ఊపిరి బిగబట్టి పన్నెండోది గీశాడు. అంతా కుదిరింది, కుడివైపు దిగేచోట మాత్రం గీత చిన్నగా అదిరింది. చింపేద్దామని పైకి తీశాడో లేదో, గొడుగులాయన పది నిమిషాల ముందే వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏదీ, ఇలా ఇవ్వండి."

యజమానురాలు దాన్ని మెషిన్లో చిన్నది చేసి తెచ్చి బొత్తాం పక్కన పెట్టింది. ఆసామి వంగి చూశాడు. కళ్లజోడు తీసి మళ్లీ చూశాడు. గదిలో ఫ్యాను చప్పుడొక్కటే.

"ఇదండీ నాక్కావలసింది!" అన్నాడు చివరికి. "గాలికి గొడుగు అదిరినట్టు లేదూ? దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు. మా పెట్టెలకీ, సంచులకీ ఇలాంటివే ఇంకో ఆరు గీయండి."

ఆయన వెళ్లగానే, "గండం గట్టెక్కించారు బాబాయ్! ఇక మీ బల్ల జోలికెవరూ రారు," అంది యజమానురాలు.

ముప్పై ఒక్క ఏళ్లకి, ఎవరూ వేలు పెట్టని గీత. బాబాయికి ఏడుపొచ్చింది.

"అది గాలి కాదమ్మా. నా చెయ్యి."

ఆమె అప్పుడు చూసింది, బల్ల అంచున అదురుతున్న ఆ వేళ్లని.

"డాక్టరుకి చూపిద్దాం బాబాయ్."

"చూపించాను. నిలకడగా గియ్యమంటే గియ్యలేనమ్మా. ఇలాగే అదిరించి గియ్యమన్నా గియ్యలేను. దాని ఇష్టం దానిది. ఆయనకి ఆరు కావాలి. నా దగ్గర ఉన్నది ఇదొక్కటే."

కుంచె కడిగి, గుడ్డతో తుడిచి, గ్లాసులో నిలబెట్టాడు. భోజనం డబ్బా సంచిలో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆయన చొక్కా ముంజేతి బొత్తాం విడిపోయి ఉండటం చూసి, ఆమె వంగి పెట్టింది.

"వెళ్లొస్తానమ్మా," అన్నాడు. మళ్లీ రాడని ఇద్దరికీ తెలుసు.

ఆమె తిరిగి వచ్చేసరికి బల్ల మీద ఆ చిన్న గొడుగు పక్కనే నల్ల కోటు బొత్తాం ఉంది, దాని కన్నంలో ఏనాటిదో తెగిన దారప్పోగు ఫ్యాను గాలికి కదులుతోంది.