ఎనిమిదో బస్తా

ఏడో బస్తా చెవులు రెండూ పట్టుకుని ఆవిడ జానెడు లాగింది, ఆగింది, మళ్లీ జానెడు లాగింది. గుమ్మంలో సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ భర్త, గోడకి తగలనీకు, చెమ్మ పడుతుంది అన్నాడు. ఆయనకి నడుం నొప్పి. ఆవిడకీ పొద్దున్నించి ఎడమ భుజం లాగేస్తోంది. కానీ ఆ ఇంట్లో నొప్పులకి కూడా వరస ఉంది, ఆయనది ముందు.

కొత్త బస్తా వచ్చినప్పుడల్లా ఇదే తంతు. ముందున్న ఏడింటినీ తలో అడుగు జరిపితే గాని ఎనిమిదో దానికి వెనక చోటు దొరకదు. పాతది ముందు, కొత్తది వెనక. ఆయన ముప్ఫై ఏళ్లు ఫ్యాక్టరీలో స్టోర్‌కీపరు. ఉద్యోగం వదిలింది గాని స్టోరు ఆయన్ని వదల్లేదు. వీధిలో అందరూ ఇప్పటికీ స్టోర్‌కీపరు గారనే పిలుస్తారు. ఆవిడకి పేరుండేదని ఎవరికైనా గుర్తుందో లేదో!

ఆ వెనక గది చూసి తీరాలి. నేలకి తగలకుండా చెక్కబల్లలు, బల్లల మీద బియ్యం, గోడ పొడుగునా పప్పుల డబ్బాలు, ఉప్పు జాడీలు, నూనె డబ్బాలు. ప్రతిదాని మీదా సుద్దతో ఒక తారీకు. కొన్న తారీకు కాదు, తెరవాల్సిన తారీకు. అంతకు ఒక్కరోజు ముందు మూత కదిలితే ఇల్లు పీకి పందిరేసేవాడు.

ఊరికే పుట్టిన పిచ్చి కాదులెండి. పెళ్లయిన రెండో ఏడు వరదొచ్చి పన్నెండు రోజులు దారులన్నీ మూసుకుపోయాయి. ఇంట్లో గింజ లేదు. పక్కింటి కుట్టుమిషనావిడ పోసిన గంజి తాగి బతికారు. ఆమె ముందు గిన్నె చాచింది ఆయనే, ఆ చెయ్యి ఆయన మరిచిపోలేదు. తరవాత ఆ రుణం కొలిచి మరీ తీర్చాడు, బాగా ముక్కిన బియ్యంతో.

పాత బియ్యం మంచివే, ఎవరు కాదన్నారు? ఏడాది పాతవైతే మెతుకుకి మెతుకు అంటకుండా ఉడుకుతాయి. రెండేళ్లు దాటి మగ్గినవాటికి మాత్రం అన్నం అన్న పేరే గాని అన్నం వాసన ఉండదు. నలభై ఏళ్లుగా ఆవిడ చేటలో పురుగులేరి, నాలుగు నీళ్లు పోసి కడిగి, ఆ దుమ్మే వండి, ఆ దుమ్మే తింది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. ఇక్కడ అల్లుడు లేడు, ఆవిడ ఉంది.

ఆవిడకి ఒకటే కోరిక. కొత్త బియ్యం అన్నం ఒక్క పూట కడుపునిండా తినాలి. పుట్టింట్లో తల్లి వార్చిన గిన్నె మూత తీస్తే ఇల్లంతా వచ్చే ఆ వాసన కోసం ఆవిడ ముక్కు ఇన్నేళ్లూ ఎదురుచూస్తూనే ఉంది.

బస్తాలన్నీ సర్దాక కొంగుతో మెడ తుడుచుకుంటూ అడిగింది, "ఒక్క పూటకి ఈ కొత్తవి వండనా?"

ఆయన బస్తా మీద తారీకు రాయడం పూర్తిచేశాడు. "దీని రోజు రెండేళ్ల నాలుగు నెలలకి. ఓపిక పట్టు."

"నా రోజు ముందొస్తేనో?"

"నీకేం, నూరేళ్లు తింటావు," అని నవ్వి, డబ్బా మూతొకటి వదులైందని కొత్తది తేవడానికి బజారుకెళ్లాడు.

ఆవిడ వీధి తలుపు దగ్గర కాసేపు నిలబడింది. ఆయన మలుపు తిరిగాక వెనక గదిలోకెళ్లి, ఎనిమిదో బస్తా మూల కుట్టు నాలుగు వేళ్లంత విప్పి, గ్లాసుడు బియ్యం తీసి, మళ్లీ కుట్టేసింది. చేతికి ఎర్రదారమే దొరికింది. పోనీ, చూస్తే చూడనీ అనుకుంది. నలభై ఏళ్లలో ఆవిడ చేసిన దొంగతనం అదొక్కటే.

అన్నం ఉడికింది. వార్చి మూత తీసింది. అదే వాసన. కళ్లనీళ్లు తిరిగాయి, ఆవిరి వల్ల అనుకుందాం. కంచం పెట్టుకుంది, గరిటె తీసుకుంది. అప్పుడు గట్టు మీద గిన్నె కంటబడింది. పొద్దుటి అన్నం రెండు ముద్దలకి పైనే ఉంది.

ఇంట్లో ఎవరూ లేరు. అడిగేవాడు లేడు, తిట్టేవాడు లేడు. గరిటె పెట్టాల్సిన గిన్నెలో పెట్టొచ్చు. అయినా చెయ్యి అటు పోలేదు. పాతది ఉండగా కొత్తది ఎలా? ఇది అయ్యాక హాయిగా అది తినొచ్చు, ఈలోగా చల్లారుతుంది కూడా. గిన్నె ఒళ్లో పెట్టుకుని, గోడకి ఆనుకుని, ముక్కిన అన్నం గబగబా తినసాగింది. సగం తిన్నాక భుజం నొప్పి గుండెల్లోకి దిగింది. చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది.

ఆయన మూతతో తిరిగొచ్చేసరికి ఆవిడ ఒళ్లు చల్లబడుతోంది. ఏడ్చాడు. అబద్ధమెందుకు, పసిపిల్లాడిలా ఏడ్చాడు. పక్కింటి కుట్టుమిషనావిడ వచ్చి ఆ గిన్నె తీసి గట్టు మీద పెట్టింది. జరగాల్సినవన్నీ జరిగి, వచ్చినవాళ్లు వెళ్లేసరికి పొద్దు వాలింది.

"పొయ్యి దగ్గర కొత్త బియ్యం అన్నం అలాగే ఉందన్నయ్యా. రెండు ముద్దలు తినండి," అందామె.

ఆయన ఆ గిన్నె వంక చూశాడు. తెల్లగా, నిండుగా, గరిటె పెట్టకుండా ఉంది. సంగతి అర్థమైంది.

"పొద్దుటిది మిగిలింది కదమ్మా. ముందు అది కానివ్వు."

భార్య వదిలిన సగం ఆయన తిన్నాడు. చెయ్యి కడుక్కుని, ఆ తడిచేత్తోనే వెనక గదిలోకెళ్లి, బస్తాల ముందు నిలబడి వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. ఏడు బస్తాలు. తినే నోళ్లు రెండు కాదు, ఒకటి.

గోడవార ఎనిమిదో బస్తా మూలన నాలుగు వేళ్ల ఎర్రదారం కుట్టు, దాని పైన తడిచేత్తో చెరిపేసిన మరక, మరక మీద అప్పుడే రాసిన తారీకు, నాలుగేళ్ల ఎనిమిది నెలల తరవాతది.