అయిదింటి గీత

భర్త పోయి మూడు నెలలైంది గానీ, ఆయన షుగరు మాత్రం రోజూ సాయంత్రం అయిదింటికి పెరుగుతూనే ఉంది.

ఆయన వాడిన క్లిప్పునే ఇప్పుడు దర్జీ ఆవిడ వాడుతోంది. వేలికి తగిలిస్తే వెలుగు చర్మంలోకి దిగి, రక్తపు చుక్క లేకుండానే ఫోనులో షుగరు గీత గీస్తుంది. ఆమెకూ షుగరే. పొద్దస్తమానం సూదికి అప్పగించే చూపుడువేలు ఎలాగూ పాడైందే కదా అని, క్లిప్పు దానికే పెట్టుకునేది.

అయిదయ్యేసరికి గీత లేచేది. ఆమె నోట్లో మెతుకు పడకపోయినా సరే. గుడ్డల తానుల వెనక నిలబడి ఆయన బిస్కెట్లు తినే వేళ అది. మొదటిరోజు "చచ్చినా దొంగతిండి మానవా?" అని నవ్వింది. నవ్వాక ఒళ్లు జలదరించింది. మర్నాటి నుంచి నాలుగున్నరకే మిషను ఆపి, తానుల వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. రెండు వందలు దాటితే ఇన్సులిన్ రెండు యూనిట్లు ఎక్కువ వేసుకోమని డాక్టరు చెప్పాడు. గీత దాటేది. ఆమె వేసుకునేది.

ఓ రోజు, ఎలాగూ గీత లేస్తుందిలే అని అయిదింటి మోతాదు ముందే వేసేసుకుంది. నాలుగున్నర కాకముందే చేతులు వణికి, చెమటలు పోసి, మిషను మీదకే వాలిపోయింది. కొలతలివ్వడానికొచ్చిన మనిషి ఫోను చేస్తే, నర్సుగా పనిచేసే ఆడపడుచు పరుగున వచ్చింది. వేలు పొడిచి చూస్తే యాభై రెండు. ఫోనులో నూట అరవై. గబగబా పంచదార నీళ్లు తాగించింది.

"ఏం వదినా, పోవాలనుందా? ముందే చెప్తే సెలవు పెట్టుకుని మరీ వచ్చేదాన్నిగా!"

"అరవకే. రెండు కుట్లు వంకరపోయాయి, అంతే."

"ఇది అన్నయ్య వేలికి అలవాటు చేసిన యంత్రం. వారం రోజులు ఆయన రక్తంతో సరిచూసి నేర్పాం. నీ వేలేమో చెప్పు అట్టలా ఉంది. వెలుగు దిగకపోతే పాత తీరు చూసి, ఊహించి గీసేస్తుంది. ఇది నీ షుగరు కాదు. అన్నయ్యది."

"తెలుసు."

"తెలిసే ఇన్సులిన్ వేసుకున్నావా?"

"ఆయనకి ఎవరో ఒకరు వెయ్యాలిగా."

ఆడపడుచు కళ్లు తుడుచుకుని ఫోను అందుకుంది. మనిషిని మార్చే మీట నొక్కితే, పాత మనిషి వివరాలు చెరిపేయాలా అని ఫోను అడిగింది. ఆమె వేలు గాల్లోనే ఆగిపోయింది.

"అయిదుకి ఎంతసేపుంది వదినా?"

"పది నిమిషాలు."

"ఒక్కసారి చూస్తాను. రేపు తీసేద్దాం."

ఆడపడుచు కుర్చీని కాస్త తానుల వైపు జరుపుకుంది. నోరు సగం తెరుచుకుని, తలుపు చప్పుడు కోసం చెవి ఒగ్గిన మనిషిలా ఉంది. ఆ ముఖం చూస్తుంటే దర్జీ ఆవిడకు భయం వేసింది. తానుల వెనక చీకటి చూసి కాదు. రేపు కూడా ఈ పిల్ల ‘రేపు తీసేద్దాం’ అనే అంటుంది. ఎల్లుండి డ్యూటీ ఎగ్గొట్టి వస్తుంది. ఇద్దరూ ఇలాగే కూర్చుంటారు.

ఫోను లాక్కుని, చెరిపేయమని నొక్కేసింది.

"వదినా!"

గీత పోయింది. తెల్లటి తెర మీద, కొత్త మనిషిని ఏడు రోజులు రక్తంతో సరిచూడాలని రాసి ఉంది. క్లిప్పు ఊడదీసి, మెత్తగా ఉన్న ఎడమచేతి ఉంగరపువేలు చాపింది.

"పొడువు."

"ఇంకో నాలుగు నిమిషాలు ఆగితే నీ సొమ్మేం పోయేది?" ఆడపడుచు వెక్కి వెక్కి ఏడుస్తూనే సూది తీసింది.

చుక్క వచ్చింది. తొంభై ఒకటి. అయిదు దాటింది. దర్జీ ఆవిడ కళ్లు తానుల వైపు తిరిగాయి. ఆడపడుచు ఆమె గడ్డం పట్టుకుని ముఖాన్ని తనవైపు తిప్పుకుంది.

"ఇటు చూడు వదినా. వేలు గట్టిగా నొక్కి పట్టుకో."