పెద్దమ్మకు దారి

చేపల ప్రదర్శనశాలలోని పెద్ద అద్దాల తొట్టిలో మునిగి పాచి తుడవడం ఆ వదినా ఆడపడుచుల ఉద్యోగం. అందులో తిరిగే ఆడ సొరచేపను పనివాళ్ళంతా పెద్దమ్మ అంటారు. నిన్న ఆడపడుచు మణికట్టును పెద్దమ్మ నోటితో పట్టి వదిలేసింది. చేతి తొడుగు అంచు చిరిగిందే గాని చర్మం తెగలేదు. అయినా మేనేజరు బెదిరిపోయి, దాన్ని వెనకగది తొట్టిలోకి మార్చమన్నాడు. ఈదుతుంటేనే ఊపిరాడే ప్రాణికి ఆ ఇరుకులో మలుపు తిరిగే చోటైనా లేదు.

ఆడపడుచు వాచీ అద్దం మీద పంటిగీతలు వదిన కంటబడ్డాయి.

“దీంతోనే దిగావుటే?”

“అన్నయ్య కొనిచ్చాడు వదినా. తీయబుద్ధి కాలేదు.”

“నీళ్ళలో తళుక్కుమంటే చేప అనుకోదూ? తడిమి చూడ్డానికి దానికి చేతులున్నాయా? నోటితోనే చూసింది, కాదని వదిలేసింది. అయినా నాకు ఒక్క గాజైనా కొనని మహానుభావుడు నీకు వాచీ కొన్నాడా!”

నవ్వబోయిన ఆడపడుచుకు, తన తప్పుకు పెద్దమ్మకు శిక్ష పడిందని తోచి కళ్ళు తడిశాయి. నేరుగా మేనేజరు దగ్గరకు వెళ్ళింది.

“తప్పు నాది సార్. మెరిసేవి తీసి దిగాలన్న నియమం నేనే మీరాను.”

“అయితే మళ్ళీ దిగు, చూస్తాను.”

బోసి మణికట్టుతో దిగింది. పెద్దమ్మ ఎదురుగా వచ్చింది. గుమ్మంలో పెద్దవాళ్ళు ఎదురైనట్టు, చేతులు ముడుచుకుని పక్కకు ఒదిగింది. పెద్దమ్మ తోక కదిపిన నీరు చెంపను తాకి వెళ్ళింది. ఆమె పాచి తుడవసాగింది.

అద్దం అవతల, పెద్దమ్మను మార్చడానికి వలతో వచ్చినవాళ్ళను మేనేజరు వెనక్కి పంపేశాడు.