ఓటీపీ చెప్పు

“ఓటీపీ వచ్చింది, చూసి చెప్పు.”

పదకొండేళ్ళ కాపురంలో మా ఆయన స్టీఫెన్ ఫోన్లో నాతో ఎక్కువగా మాట్లాడిన మాట ఇదే. గ్యాసు బుకింగుకీ, కరెంటు బిల్లుకీ, అమ్మాయి డయానా స్కూలు ఫీజుకీ, చివరికి ఆయన కొనుక్కునే బూట్లకీ అన్నిటికీ నా నంబరే ఇచ్చారు. “నేను డ్యూటీలో ఉంటాను. నువ్వెలాగూ ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా” అన్నారు. ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్‌లో కాంట్రాక్టు సూపర్‌వైజరు. నేను గుణదలలో వండి, వార్చి, ఉతికి, పిల్లని స్కూలుకి పంపి, అత్తయ్యకి మందులిచ్చి, మిగిలిన టైములో ఊళ్ళోవాళ్ళ చీరలకి కుచ్చులు కట్టే ఖాళీ మనిషిని.

పెళ్ళైన కొత్తలో ఒకసారి “ఎందుకండీ?” అని అడిగాను. “చెప్పమంటే చెప్పు. ఎందుకూ ఏమిటీ అంటూ కూర్చుంటే టైమైపోతుంది. నీకు అర్థమయ్యేవి కాదులే అవి” అని విసుక్కున్నారు. మళ్ళీ అడగలేదు. పిండి చేత్తోనో, సబ్బు చేత్తోనో ఫోను తీసి ఆరంకెలూ అప్పజెప్పడం అలవాటైపోయింది. ఇంగ్లీషు రాక కాదు, బీకామ్ చదివాను. కానీ ఆ అంకెల కింద ఏం రాసుందో ఏనాడూ చదవలేదు.

మంగళవారం పొద్దున పదకొండింటికి బొచ్చె చేప ముక్కలు ఉప్పూ పసుపూ వేసి కడుగుతుంటే ఫోను మోగింది. మోచేత్తో స్పీకర్ నొక్కాను.

“మరియ ఫిలోమినా గారేనా అండీ? బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం.”

ఈ ఇంట్లో నేను ‘ఏమే’ని, కాకపోతే ‘డయానా వాళ్ళమ్మ’ని. నన్ను పూర్తి పేరుతో పిలిచింది పెళ్ళినాడు గుడిలో ఫాదరుగారు, ఆయన కూడా గారు అనలేదు. నా కేవైసీ అప్‌డేట్ కాలేదట, సాయంత్రానికి అకౌంటు ఆగిపోతుందట. కంగారుపడి కార్డు కోసం చేతులు తుడుచుకుంటుంటే, “పనిలో ఉన్నట్టున్నారు మేడమ్, నిదానంగానే చూసి చెప్పండి, నేను లైన్లోనే ఉంటాను” అన్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ‘నిదానంగా’ అన్న మాట నాకు చాలా బావుంది.

అనుమానం రాలేదని అబద్ధం చెప్పను. కార్డు వెనకాల మూడంకెలు అడిగినప్పుడు ‘ఎందుకండీ?’ అన్న మాట గొంతుదాకా వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే మింగేశాను. అది మింగడం నాకు బాగా వచ్చిన పని. ఓటీపీ చెప్పాను. ఇంకోటి వచ్చిందంటే అదీ చెప్పాను. “థాంక్యూ మేడమ్” అని పెట్టేశాడు.

ఆ వెంటనే మెసేజ్ వచ్చింది. నలభై రెండు వేలు పోయాయి. చీర అంచులు కుట్టే పీకో మిషను కొనుక్కుందామని రెండేళ్ళు కళ్ళు లాగేలా కుచ్చులు కట్టి దాచుకున్నాను. ఈ ఇంట్లో పూర్తిగా నాదనిపించుకున్నది ఆ అకౌంటొక్కటే.

“ఎవరే ఫోను?” అంది హాల్లోంచి మా అత్తయ్య శౌరమ్మ.

“బ్యాంకువాళ్ళు అత్తయ్యా.”

“నీతో బ్యాంకువాళ్ళకేం పనే?” అని నవ్వింది.

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని చేపల పులుసు పెట్టాను. ఎవరితో చెప్పను? కింద వాటాలో ఉండే తెరేసమ్మ టీచరు పోయినేడాది ఇలాగే మోసపోతే, అన్నం తింటూ మా ఆయన ఎంత నవ్వారో. “చదువుకున్న ఆడదానికే బుద్ధి తక్కువ” అన్నారు. ఆయనతోపాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చి తలకొట్టేసినట్టయింది. పోయిన డబ్బుకంటే ఆ నవ్వే ఎక్కువ బాధపెట్టింది. ఆయనకి తెలిస్తే జన్మంతా దెప్పుతారు, డయానా ముందు కూడా. పోతే పోయింది, ఎవరికీ తెలియకపోతే చాలు అనుకున్నాను. పులుసులో ఉప్పు రెండుసార్లు వేశానని దించాక తెలిసింది.

ఏ మొహం పెట్టుకుని వెళ్ళానో నాకే తెలియదు, మెట్లు దిగి టీచరుగారి తలుపు కొట్టాను. ఆవిడ రెండు ముక్కలు విని, “ఎంతసేపైంది?” అని అడిగింది.

“అరగంటండీ. ఆరోజు మీ సంగతి విని నేను కూడా...”

“అవన్నీ తర్వాతమ్మా. ముందు సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యి. తర్వాత కార్డు బ్లాక్ చేయించు, కార్డు మీదే ఉంటుంది బ్యాంకు నంబరు. నేను సిగ్గుపడి మూడ్రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి ఇంకేం మిగల్లేదు.”

ఫోనెత్తినామె వివరాలన్నీ రాసుకుని, “ఓటీపీ మీరే చెప్పారా అండీ?” అని అడిగింది. టీచరుగారి మొహం చూడలేక గోడకేసి తిరిగి, “నేనేనండీ, నేనే చెప్పాను” అన్నాను. ఆమె నవ్వలేదు. తొందరగానే చేశారు, ఎంతవరకు ఆపగలమో చూస్తాం అంది. కార్డు బ్లాక్ చేయించి పైకొచ్చాను.

గడపలో ఉండగానే మా ఆయన ఫోను.

“ఓటీపీ వచ్చింది, చెప్పు. తొందరగా.”

మెసేజ్ తెరిచాను. మొదటిసారి మొత్తం చదివాను. అంకెల కింద ఉంది, ఎవరికీ చెప్పవద్దని. పదకొండేళ్ళుగా అక్కడే ఉంది.

“ఎందుకండీ?” అన్నాను.

“ఎందుకేంటే? చెప్పమంటే చెప్పు. టైమైపోతోంది ఇక్కడ.”

సిగ్గు ఎక్కడికీ పోలేదు. అత్తయ్య హాల్లోంచి తలెత్తి చూస్తోంది.

“పొద్దున ఒకతను మీకంటే మర్యాదగా అడిగాడండీ. ఎందుకని అడక్కుండా చెప్పేశాను, నా మిషను డబ్బులు పోయాయి. ఇంక ఎందుకో తెలియకుండా ఎవరికీ చెప్పను.”