గౌరి పలికింది

పెళ్లయి నెల తిరగకముందే నవ్యశ్రీ బోథ్ చుట్టుపక్కల నాలుగూళ్ల ఆడవాళ్లతో 'పక్కూరి ముచ్చట్లు' అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. అంగన్‌వాడీకి గుడ్లు ఎప్పుడొస్తాయో, కుట్టుమిషను ఎక్కడ బాగుచేస్తారో, అన్నీ అందులోనే. చొప్పదండి నుంచి వచ్చిన ఆ డిగ్రీ కోడలికి అదొక మురిపెం. కొత్తగా ఎవరు చేరినా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి భర్త నాగరాజుకు చూపించేది.

అత్త కమలవ్వ మాత్రం మూతి తిప్పేది. "ఫోన్ల ముచ్చట వెడితె పొయ్యి మీద కూర ఉడుకుతదా బిడ్డా?"

అంతలో పెద్దవానకు మేతకు పోయిన మంద చెదిరిపోయింది. అన్నీ ఇల్లు చేరాయి, కమలవ్వ బర్రె గౌరి తప్ప. అది నిండు చూడి.

"ఇయ్యాల్నో రేపో ఈనుతది. అడివిల ఒక్కతే ఈనితె దూడను కుక్కలు బతకనిస్తయా?" అంటూ కమలవ్వ అన్నం ముట్టలేదు. నాగరాజు వాగులు, చేన్లు తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే నవ్యశ్రీ గ్రూపులో పెడదామంటే గౌరి ఫొటో లేదు. వెతగ్గా వెతగ్గా పెళ్లి ఫొటోల్లో ఒకటి దొరికింది. ముందు బాసింగాలతో తనూ నాగరాజూ, వెనక కొట్టం దగ్గర గడ్డి నములుతూ గౌరి. గబగబా పంపింది.

జవాబులు పోటెత్తాయి.

"జంట సల్లగుండాలె!"

"చీరె ఏడ కొన్నవ్ వదినె?"

"పిల్లగాడు జర నవ్వొద్దా!"

"అయ్యో, మమ్ముల గాదు, ఎన్కున్న బర్రెను జూడుండ్రి!" అని నవ్యశ్రీ మొత్తుకుంటే, ఈసారి ఊరూరి బర్రెల ఫొటోలు వచ్చిపడ్డాయి. అన్నీ నల్లవే, అన్నిటికీ బురదే. కమలవ్వ ఒక్కోటీ చూసి "ఇది గాదు, ఇది గూడ గాదు" అని తల తిప్పుకుంది.

పొద్దు వాలింది. రోజూ కుడితి పెట్టే వేళ. కమలవ్వ అలవాటు కొద్దీ ఖాళీ గుంజ దగ్గరికి పోయి బకెట్ మీద తట్టింది. "గౌరీ... దా దా దా... దా తల్లీ!" పిలిచాక గానీ గుర్తు రాలేదు, గౌరి లేదని. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నవ్యశ్రీకి చటుక్కున తోచింది. "అత్తమ్మా, ఇంకొక్కపారి పిలువుండ్రి. బకెట్ గూడ కొట్టుండ్రి." ఆ పిలుపు రికార్డు చేసి పంపింది. 'మీ మందల కొత్త బర్రె కలిస్తే దాని ముందర ఇది వినిపించుండ్రి.'

కాసేపటికి వాగవతలి ఊళ్లో బ్లౌజులు కుట్టే రషీదా గొంతు వచ్చింది. "నవ్యా, నేను పొద్దుగాల ఫొటో పెడితె మీ అత్త గాదన్నది సూడు, గా బర్రెకు మీ అత్త గొంతు వెట్టిన. చెవులు నిక్కవొడిచింది. జర ఇను!"

వెంటనే దీర్ఘంగా ఒక అరుపు.

కమలవ్వ ఫోన్ రెండు చేతులా లాక్కుంది. "గౌరీ! నేనేనే! వస్తున్న, ఉండు!"

ట్రాలీ ఆటోలో దారి పొడుగునా ఆమె డ్రైవర్‌కు ఒకటే చెప్పింది. "నాలుగూర్లను ఒక్కకాడికి దెచ్చింది మా కోడలు. ఏమనుకుంటున్నవ్!" పక్కన నవ్యశ్రీ సిగ్గుతో నాగరాజు భుజం గిల్లింది.

వాళ్లు చేరేసరికి రషీదా కొట్టంలో గౌరి దూడను నాకుతోంది.

"ఫికర్ జెయ్యకవ్వా, ఇద్దరు మంచిగున్నరు," అంది రషీదా.

"తొలి జున్ను నీకే బిడ్డా!" అంది కమలవ్వ. గౌరి మెడ కావలించుకొని, కోడలి వైపు తిరిగింది. "నవ్యా, రషీదాను ఫొటో దియ్యమను. గీసారి గౌరి ముందట. మీరిద్దరు ఎన్క నిలవడుండ్రి."