పిలిస్తే పలికే గుమస్తా

ఆయన జడ్జి. రిటైరై ఏళ్ళు గడిచినా గేటు మీద పలక ఇంకా ఆ ముక్కే చెబుతోంది. కోర్టు ఆవరణలో మాత్రం, ఆయన చెవిన పడకుండా, అందరూ వాయిదాలయ్య అనేవారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని వాడి నోట్లో చక్కెర పొయ్యాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన విన్నాడు, తలూపాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు, వాయిదా వేశాడు. తీర్పు చెప్పాల్సిన వేళకి బదిలీ వచ్చేది. బదిలీ రాకపోతే జలుబు చేసేది. ప్రహరీ గోడ తగువు మీద వచ్చిన ఇద్దరు పొరుగువాళ్ళు ఆ కోర్టు వరండాలోనే జుట్టు నెరిసి, ఆ బెంచీ మీదే స్నేహం కుదిరి, ఆఖరికి వియ్యంకులై ఇంటికి పోయారు. గోడ సంగతి ఇప్పటికీ తేలలేదు.

అంత మాత్రాన ఆయన ఏ కేసూ మూయలేదనడం అన్యాయం. మూశాడు. ఒకే రకం కేసులు. బంట్రోతు గుమ్మంలో నిలబడి కక్షిదారు పేరు మూడుసార్లు పిలుస్తాడు. పలికితే వాయిదా. పలక్కపోతే కేసు కొట్టివేత. ఆ ఒక్క ఉత్తర్వు మాత్రం ఆయన కలం జంకూ గొంకూ లేకుండా రాసేసేది. ఎదురుగా లేనివాడి మీద ఎంత ధైర్యమో!

ఇదంతా ఆయన భార్య లెక్క. ఆవిడ నిజంగానే లెక్కల టీచరు. వీధిలో అందరికీ టీచరమ్మే. ఎర్ర సిరా కలం పట్టుకుని కూర్చుంటే ఆవిడకి రెండే గుర్తులు, తప్పు, ఒప్పు. పేపర్ల కట్ట సాయంత్రం ఇంటికొస్తే తెల్లారేసరికి దిద్ది ఉండేది. అలాంటి మనిషి, ఈ గోడమీద పిల్లితో ఇన్నేళ్ళు ఎలా కాపురం చేసిందని ఎవరైనా అడిగితే, "ఏం చేస్తాం, కట్టుకున్న పాపానికి" అనేది. ఆ మాట ఆయన ముందే అనేది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు పేపరు చదువుకునేవాడు.

ఆ ఇంట్లోకి కుక్కని తెచ్చింది కూతురు. చదువుకునే రోజుల్లో స్నేహితురాలింటి నుంచి గోధుమరంగు పిల్లని ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, "అమ్మా, మొత్తం నేనే చూసుకుంటా" అంది. చూసుకుంది, వారం రోజులు. కుక్క మాత్రం వచ్చిన రోజే జడ్జిగారి బల్ల కింద, కాగితాల కట్టల మధ్య, ఆయన కాళ్ళ దగ్గర మకాం వేసింది. అందుకే దాని పేరు గుమస్తా అయింది. కూతురు పెళ్ళి చేసుకుని ఊరి రెండో కొసకి పోయింది. అల్లుడికి కుక్క బొచ్చు పడదట, కనక గుమస్తా ఇక్కడే.

ఆయన గదిలోంచి "గుమస్తా" అంటే బల్ల కింద తోక టపటపా నేలకేసి కొట్టుకునేది. "ఏమోయ్" అంటే టీచరమ్మ చేతిలో పని వదిలేసి "ఆఁ, వస్తున్నా" అనేది. లోపల ఎంత మండినా సరే, నోరు మాత్రం ఆ మాటే అనేది. తోక ముందు పలికేదో నోరు ముందు పలికేదో చెప్పడం కష్టం.

గుమస్తా ముసలివాడై, ఒకరోజు వెనక కాలు కుంటడం మొదలెట్టాడు. బెణికిందేమో అనుకున్నారు. బెణుకు కాదు. పశువుల డాక్టరమ్మ వచ్చి, హాల్లో నేల మీద చతికిలబడి, కాలు తడిమి, గొట్టం పెట్టి విని, ఎక్స్‌రే తీయించుకు రమ్మంది. తెచ్చాక దాన్ని కిటికీ వెలుగుకి పెట్టి చూసింది. చిన్న వయసుదే గాని మాట నాన్చే రకం కాదు.

"ఎముకలో పుట్టిన కంతి అమ్మా. ఊపిరితిత్తుల్లోకి కూడా పాకేసింది. తగ్గే మందు లేదు. నొప్పికి ఇస్తాను, కొన్నాళ్ళు పనిచేస్తుంది. తర్వాత అదీ పనిచెయ్యదు. అప్పుడు ఇంజక్షన్ ఇచ్చి పంపించేద్దాం, నిద్రలోనే పోతాడు. అంతకన్నా మనం వాడికి చెయ్యగలిగింది లేదు. ఏమంటారు?"

అడిగింది టీచరమ్మని. టీచరమ్మ గది వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"ఆయన్ని అడగండి. ఈ ఇంట్లో జడ్జీ ఆయన కదా."

వెటకారంగానే అంది. డాక్టరమ్మ మాత్రం బుద్ధిగా లేచి గదిలోకి వెళ్ళి ఆయన్నే అడిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఆలోచిద్దాం" అన్నాడు.

నొప్పి మందు పనిచెయ్యని రోజు రానే వచ్చింది. గుమస్తా లేవలేకపోయాడు. టీచరమ్మ పాత దుప్పట్లు మడతలు పెట్టి హాల్లో ఓ మూల పక్క వేసింది. పూటపూటకీ వాణ్ణి అటు తిప్పి ఇటు తిప్పి, తడిగుడ్డతో తుడిచి, పుండు పడ్డ చోట పొడి చల్లి, చెంచాతో నీళ్ళు పోసేది. జడ్జిగారు గుమ్మంలో నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "పాపం" అనేవాడు. రోజూ అనేవాడు. ఒక్క రోజూ గుమ్మం దాటలేదు.

డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ఆయన గుమ్మంలోకి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"ఇలాంటి విషయంలో ఇరుపక్షాలూ వినాలమ్మా" అన్నాడు.

"రెండో పక్షం ఎవరండీ?" అంది టీచరమ్మ.

"ఇంకెవరు, వాడే."

"వాడు నోరు తెరిచి చెబుతాడా మీకు?"

"చెప్పక్కర్లేదు. నువ్వాగు." అని ఆయన గొంతు సవరించుకుని, అచ్చం కోర్టు గుమ్మంలో బంట్రోతు లాగే పిలిచాడు. "గుమస్తా!"

కదలిక లేదు. "గుమస్తా!" చెవి కదిలింది. "గుమస్తా!"

తోక లేచింది. టప్, టప్ అని దుప్పటి మీద రెండు దెబ్బలు పడ్డాయి.

జడ్జిగారి మొహం చాటంతయింది. "చూశావా? పలికాడు! బతకాలని ఉంది వాడికి. పలికినవాడి కేసు ఎలా మూస్తాం? వచ్చే వారం చూద్దాం."

ఆయన లేచి వెళ్ళిపోయాడు కనక తర్వాతిది చూడలేదు. తోక ఆడించాలంటే గుమస్తా నడుం బిగించాలి, నడుం బిగిస్తే ఆ కాలు కదులుతుంది. రెండు టపటపలకి వాడు ఎంతోసేపు పళ్ళు నూరుతూ వణికాడు. టీచరమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఛీ, ఏం మనిషి! యజమాని పిలిస్తే పలకడం తప్ప ఏమీ తెలియని జంతువు చేత, ఆ పలకడాన్నే సాక్ష్యంగా చెప్పించుకుంటాడా? చచ్చేవాడు కూడా పిలిస్తే "ఆఁ" అంటాడు. అంత మాత్రాన బతుకు కోరినట్టా?

ఆ పైన అదే రివాజైంది. పొద్దున్నే కాఫీ తాగి, గుమ్మంలో నిలబడి, మూడుసార్లు పిలుపు. టప్, టప్. "ఊఁ, ఇవాళ బాగానే ఉన్నాడు." వాయిదా. ఆయన హుషారుగా వాహ్యాళికి పోయేవాడు. ఇంట్లో ఆవిడ, ఆ పళ్ళు నూరుడు.

కూతురు ఫోన్లోనే ప్రేమ కురిపించేది. "అమ్మా, వాడి మొహం చూపించమ్మా. అయ్యో నా బంగారం! చంపేస్తారా వాణ్ణి? మీకు మనసెలా ఒప్పుతోందమ్మా?"

"మనసు సంగతి తర్వాత. నువ్వొచ్చి ఒక్క పూట వాడి పక్క మార్చి వెళ్ళవే."

"నాకు ఏడుపొస్తుందమ్మా అలా చూస్తే. తట్టుకోలేను. నాన్న చెప్పినట్టు చెయ్యండి."

ఎద్దు పుండు కాకికి ముద్దు. తండ్రికి తగ్గ కూతురు. ఒకడికి చేతికి మట్టి అంటకూడదు, ఒకత్తికి కంటికి కాటుక చెదరకూడదు. ఇద్దరి మధ్యా నోరులేని ప్రాణం నలగాలి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అంటే ఇదే కాబోలు, కాకపోతే ఇక్కడ దెబ్బలన్నీ గుమస్తాకి. టీచరమ్మ తిట్టుకుంది. వంటింట్లో తిట్టుకుంది, దుప్పట్లు ఉతుకుతూ తిట్టుకుంది, ఆయన ఎదురుగా నిలబడి కూడా తిట్టింది. ఆయన "ఊఁ" అన్నాడు.

ఆ పొద్దున్న గుమస్తా మూలుగుతూనే ఉన్నాడు. నీళ్ళు లోపలికి దిగలేదు. ఎగఊపిరి తీస్తున్నాడు. జడ్జిగారు గుమ్మంలోకి వచ్చాడు, రుమాలు తీశాడు.

"వద్దండీ" అంది టీచరమ్మ. "మీకు పుణ్యముంటుంది, ఇవాళ పిలవకండి."

"విధానం విధానమేనోయ్." పిలిచాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

తోక లేవబోయి పడిపోయింది. మళ్ళీ లేచింది. టప్. ఆ ఒక్క దెబ్బ కొట్టాక గుమస్తా అరిచిన అరుపు పక్కింటివాళ్ళకి కూడా వినబడింది.

"పలికాడు" అన్నాడు జడ్జిగారు, మొహం పక్కకి తిప్పుకుని. "సాయంత్రం మాట్లాడుకుందాం." చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

టీచరమ్మ డాక్టరమ్మకి ఫోను చేసింది. ఆ అమ్మాయి సంచీ పట్టుకుని పరుగున వచ్చి, వాణ్ణి చూసి, పెదవి కొరుక్కుంది.

"ఇంత దూరం రానివ్వాల్సింది కాదమ్మా."

"నేను రానిచ్చానా? ఆ పెద్దమనిషిని అడుగు. మూడుసార్లు పిలుస్తాడు, వాయిదా వేస్తాడు, ఊరు తిరగడానికి పోతాడు. నలభై పేపర్లు ఒక్క రాత్రిలో దిద్దినదాన్ని నేను. ఈయనగారి ఒక్క మాట కోసం ఇన్నాళ్ళు కాచుకు కూర్చున్నాను. మనిషన్నాక కాస్త..."

"అమ్మా" అంది డాక్టరమ్మ, మందు సీసా చేతిలో పట్టుకుని. "ఆయన మాట కావాలని మీకు ఎవరు చెప్పారు?"

టీచరమ్మ చేతిలో తడిగుడ్డ పక్కన పెట్టి తలెత్తింది.

"నేను మొదటి రోజు అడిగింది మిమ్మల్ని. వాడికి చేసేది మీరే, వాడి నొప్పి తెలిసింది మీకే. మీరు 'ఊఁ' అంటే మందు పనిచెయ్యని రోజే పని అయిపోయేది. మీరే ఆయన్ని అడగమన్నారు."

ఆ పిల్ల తప్పు పట్టినట్టు కూడా అనలేదు. ఉన్న మాట అంది, అంతే. టీచరమ్మకి చెంప మీద కొట్టినట్టయింది. ఇన్నాళ్ళూ ఆవిడ నోరు ఆయన్ని ఏకిపారేస్తూనే ఉంది. తిట్టినంతసేపూ ఏదో చేస్తున్నట్టే ఉంది. ఆయన వాయిదా వేస్తే ఆవిడ ఆ వాయిదాని భద్రంగా మోసింది. తిట్టడం ఒక్కటే తేడా. గుమస్తాకి ఆ తేడా ఏం ఒరగబెట్టిందని?

"కానివ్వమ్మా" అంది. "నేను చెబుతున్నాను. ఇప్పుడే."

మొదటి సూది నిద్రకి. డాక్టరమ్మ వాడి ముందు కాలి మీద కొంచెం బొచ్చు గొరిగింది. టీచరమ్మ నేల మీద కూర్చుని వాడి తల ఒళ్ళోకి తీసుకుంది. "పేరు పెట్టి పిలవండమ్మా, మీ గొంతు వింటే ధైర్యంగా ఉంటుంది" అంది డాక్టరమ్మ.

"పిలవను" అంది టీచరమ్మ. "పిలిస్తే పలుకుతాడు వెధవ."

అని, ఏ మాటా లేకుండా, చెవుల వెనక నిమురుతూ కూర్చుంది. మూలుగు సన్నగిల్లింది. రెండో సూది వేసేటప్పటికి పళ్ళు నూరుడు ఆగిపోయింది. తోక దుప్పటి మీద ఊరికే పడి ఉంది. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేకుండా గుమస్తా వెళ్ళిపోయాడు. అప్పుడు ఏడ్చింది టీచరమ్మ, బావురుమని, వీధిలోకి వినబడేట్టు.

జడ్జిగారు వచ్చేసరికి డాక్టరమ్మ చేతులు కడుక్కుంటోంది. ఆయన గుమ్మంలో ఆగి దుప్పటి కప్పిన మూల వైపు చూశాడు. ఆయన అరుస్తాడనుకుంది టీచరమ్మ. ఎవర్నడిగి చేశావంటాడనుకుంది. నిజం చెప్పాలంటే, అరవాలనే కోరుకుంది. ఒక్కసారి, ఒక్క విషయం మీద, ఈ మనిషి నిలబడి అరిస్తే చూడాలని.

ఆయన మొహం విచ్చుకుంది. అచ్చం బదిలీ కాగితం అందుకున్న రోజు మొహం.

"పోన్లే. మంచి పని చేశావు" అన్నాడు. "నేనూ అదే అనుకుంటున్నా."

ఆ తర్వాత, పాతిపెట్టడం పెరట్లోనా, ఊరి బయటా అని మొదలుపెట్టాడు. "ఆలోచిద్దాం" అనబోయాడు.

"పెరట్లో. మాలి తవ్వుతున్నాడు" అంది టీచరమ్మ. ఆయన వాక్యం గాల్లోనే ఉండిపోయింది.

సాయంత్రం ఆయన తన గదిలోంచి కూతురికి ఫోను చేశాడు. గొంతు గంభీరంగా ఉంది. "అవునమ్మా. తప్పలేదు. చాలా బాధపడ్డాం, కాని అన్నీ ఆలోచించి ఇవాళ మేం నిర్ణయం తీసుకున్నాం."

మేం! పెరటి మెట్ల మీద కూర్చుని దుప్పటికి అంటిన బొచ్చు ఏరుతున్న టీచరమ్మకి ఆ మాట స్పష్టంగా వినబడింది. నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన ఒకే ఒక్క తీర్పు, అది కూడా ఎత్తుకొచ్చిందే.

ఫోను పెట్టేశాక గదిలో కుర్చీ కిర్రుమంది.

"ఏమోయ్" అన్నాడాయన. "కాస్త కాఫీ."

టీచరమ్మ నోరు దానంతటదే తెరుచుకోబోయింది. మూసుకుంది.

"ఏమోయ్!"

తవ్విన మట్టి ఇంకా తడిగానే ఉంది. ఆవిడ దాని వైపు చూస్తూ కూర్చుంది.

"ఏమోయ్!" అన్నాడు మూడోసారి, ఇంటి గోడలు వినేటట్టు.

ఆవిడ దుప్పటి దులిపి, మడత పెట్టి, పక్కన పెట్టుకుంది. పలకలేదు.