బస్టాపు గోడ మీది కాగితం

ఇవెలీనా బల్ల మీద పోసిన తెల్ల చిక్కుడు గింజల్ని కొన్ని కొన్నిగా తన వైపుకు లాక్కుంటూ, రాళ్లనీ మచ్చగింజల్నీ పక్కకు నెడుతోంది. ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు. ఆదివారమైనా సరే, ఇంట్లో మాంసం లేదు, చిక్కుడు పులుసే. ఎదురుగా నాయనమ్మ డోంకా ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఏమే, గింజలు ఏరుతున్నావా, వాటికి పేర్లు పెడుతున్నావా? ఇలాగైతే పులుసు పండగనాటికి ఉడుకుతుంది."

ఇవెలీనా నవ్వలేదు. ఆ పొద్దున ఆమె తన కుర్చీని కొంచెం పక్కకు తిప్పుకుని కూర్చుంది. మామూలుగా కూర్చుంటే ఫ్రిజ్ తలుపు కళ్లెదుటే ఉంటుంది. ఆ తలుపు మీద నాయనమ్మ అయస్కాంతంతో అంటించిన బొమ్మ ఉంది. ఒకే కాగితం మీద రెండు ఫోటోలు. ఎడమవైపు పాత బస్టాపు, గోడంతా చిరిగిన కాగితాలతో. కుడివైపు అదే బస్టాపు, తెల్లగా సున్నం వేసి, ముందు తాపీ పట్టుకుని నవ్వుతూ ఇవెలీనా. కింద బడి ముద్ర, 'ఏడో తరగతి ఎ సెక్షన్‌కు మొదటి బహుమతి' అన్న అక్షరాలు.

పట్నంలోని బడికి చుట్టుపక్కల ఐదారు ఊళ్ల పిల్లలు బస్సులో వెళ్తారు. ఏటా వసంతంలో శుభ్రత వారం పెడతారు. ఒక్కో తరగతి ఒక్కో చోటు బాగుచేసి, ముందూ వెనకా ఫోటోలు తీసి నడవాలో అంటించాలి. గెలిచిన వాళ్లకు రెండు రోజులు సముద్రపు ఒడ్డుకు యాత్ర. ఇవెలీనా తరగతి నాయకురాలు. తన ఊరి బస్టాపును తనే ఎంచుకుంది.

బస్టాపు గోడ అంటే ఊరికి చావు కబుర్ల గోడ. ఎవరైనా పోతే నల్లంచు కాగితం మీద వాళ్ల ఫోటో వేసి అక్కడే అంటిస్తారు. నలభయ్యో రోజుకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి, ఏడాదికి ఒకటి. పాతవాటి మీదే కొత్తవి. పెళ్లికి పిలుస్తారు, బారసాలకు పిలుస్తారు, కాని పోయినవాళ్ల ప్రార్థనకు ఎవరినీ నోటితో పిలవకూడదు. కాగితం చూసిన వాళ్లు వస్తారు. అంతే.

క్లాసు టీచరు వేలెవా మేడమ్ ముందే చెప్పింది. "తేదీ దాటిపోయినవే తీయండి. దాటనివి ముట్టుకోకండి."

మంగళవారం మధ్యాహ్నం ఇవెలీనా తాపీ దూర్చేసరికి ఏళ్ల తరబడి పేరుకున్న కాగితాలు చెట్టు బెరడులా మందంగా లేచి వచ్చాయి. ఎంత హాయిగా వచ్చాయంటే చెయ్యి ఆగలేదు. అన్నింటికీ పైన కొత్త కాగితం. అందులో కుంచో తాత ముఖం. ఇరవై ఆరేళ్లు బడి బస్సు నడిపి, చలికాలం చివర్లో పోయిన కుంచో తాత.

"ఒసేయ్, అది ఈ శనివారం ప్రార్థనదే," అంది పక్కనున్న స్నెజీనా.

"తెలుసులే. ఫోటో తీశాక మళ్లీ అంటిద్దాం. గోడ మధ్యలో అదొక్కటే ఉంటే చూడ్డానికి ఏం బాగుంటుంది?"

సున్నం వేశారు. ఫోటో తీశారు. బి సెక్షన్ వాళ్లు వచ్చి చూసి మొహాలు మాడ్చుకున్నారు. చప్పట్లు, కేకలు. ఆ గోలలో చెత్త సంచులు బండి ఎక్కి వెళ్లిపోయాయి. ఒక సంచిలో కుంచో తాత కూడా.

ఇవెలీనాకు ఆ సంగతి శుక్రవారం గుర్తొచ్చింది. నడవాలో హెడ్మిస్ట్రెస్ తన పేరు చదువుతుంటే. అప్పటికీ ఇంకా ఒక రోజుంది. ఇంటికి వచ్చి నాయనమ్మతో ఒక్క ముక్క చెబితే సాయంత్రానికి ఊరంతా పాకేది. చెప్పలేదు. తను తెచ్చిన బొమ్మను నాయనమ్మ అప్పటికే ఫ్రిజ్‌కు అంటించి, దారిన పోయే వాళ్లనల్లా లోపలికి పిలిచి చూపిస్తోంది. శనివారం చర్చి గంట మోగినప్పుడు ఇవెలీనా టీవీ శబ్దం పెంచింది.

గేటు కిర్రుమంది. తలుపులోంచి స్తోయ్నా అవ్వ వచ్చింది. తల మీద నల్ల గుడ్డ. రెండు చేతులా గుడ్డ కట్టిన పెద్ద గిన్నె. ఆమె కుంచో తాత భార్య. పై వీధిలో చిట్టచివరి ఇల్లు ఆమెది. మోకాళ్ల నొప్పులతో అంత దూరం ఆ గిన్నె ఎలా మోసుకొచ్చిందో.

"నీ కోళ్లకేమైనా పనికొస్తాయేమో చూడు, డోంకా," అంది గిన్నె బల్ల మీద పెడుతూ. "పారెయ్యడానికి చెయ్యి రావడం లేదు."

గుడ్డ విప్పితే ఉడికించిన గోధుమలు, పోయినవాళ్ల ప్రార్థనలో పంచేవి. పైన పరిచిన పంచదార, అక్రోటు పొడి ఒక పక్కనే చెదిరాయి. మిగతా అంతా పరిచినది పరిచినట్టే ఉంది.

నాయనమ్మ కత్తి కింద పెట్టింది. "స్తోయ్నక్కా! ఇదేంటిది? కుంచోదా? నలభయ్యో రోజు అయిపోయిందా?"

"నిన్న."

"నిన్నా? అయ్యో నా తల్లీ! నేను వచ్చే శనివారమనుకున్నానే! రోజూ రొట్టెల బండి కోసం బస్టాపుకు పోతూనే ఉన్నా, ఇంకా కాగితం పెట్టలేదేమా అని గోడ వంక చూస్తూనే ఉన్నా."

"పెట్టాను. మంగళవారం పొద్దున, రొట్టెల బండి వెళ్లిపోయాక. నా చేత్తో పిండి జిగురు కాచి అంటించాను."

"లేదే. గోడ మీద ఈగ కూడా లేదు. మా పిల్ల వాళ్లు సున్నం..." నాయనమ్మ సగంలో ఆగి, మనవరాలి వైపు చూసి, మళ్లీ స్తోయ్నా వైపు తిరిగింది. "గాలికి పోయుంటుంది."

"గాలే అయ్యుంటుంది," అంది స్తోయ్నా, నమ్మని గొంతుతో. కుర్చీ అంచున కూర్చుంది. "అరవై మందికి వండాను డోంకా. రాత్రే గోధుమలు నానేశాను. బల్లలు చాలవని చెల్లెలి మొగుడి చేత తలుపు పీకించి పీటల మీద వేయించాను. ఫాదర్ వచ్చాడు, పాటలు పాడే ఆయన వచ్చాడు, మా చెల్లెలు, మొగుడు, ఇటూ అటూ పక్కింటి వాళ్లు. ఫాదర్ గడియారం చూసుకుంటూ ఇంకాసేపు చూద్దామా అన్నాడు. మూడుసార్లు అన్నాడు. చివరికి నేనే, వద్దులెండి కానివ్వండి అన్నాను."

నాయనమ్మ చెంచా తీసుకుంది. "దేవుడు అతన్ని క్షమించుగాక," అని గొణిగి ఒక చెంచా గోధుమలు నోట్లో వేసుకుంది. ఇంకో చెంచా మనవరాలి వైపు చాచింది. "తిను. కుంచో తాత పేరు చెప్పుకుని తిను."

ఇవెలీనా నోరు తెరిచింది. తియ్యగా ఉంది. నములుతూ బల్ల మీది గింజల వైపే చూసింది.

"ఈ పిల్లని ఆయన ఎన్నిసార్లు తిట్టేవాడో," అంది స్తోయ్నా. తిడుతున్నట్టు కాదు, ముద్దుగా అంది. "ఇంటికొచ్చి చెప్పేవాడు. డోంకా మనవరాలు ఈ రోజు కూడా ఆలస్యమే, ఒక కాలికి మేజోడు లేదు, పరిగెత్తుకొచ్చింది అని."

"బస్సు నీ పెళ్లి కారనుకున్నావే మహారాణీ అనేవాడు," అంది నాయనమ్మ.

"అనేవాడు. అంటూనే హారన్ కొట్టి ఆగేవాడు. పిల్లలు మిగిలిపోతే నాకు అన్నం సయించదే అనేవాడు." స్తోయ్నా గిన్నె అంచుని గుడ్డతో తుడిచింది. అక్కడ తుడవడానికి ఏమీ లేదు. "ఊరివాళ్లకు పనులుంటాయి. ఆ మాత్రం నాకూ తెలుసు. కాని పిల్లలైనా వస్తారనుకున్నాను డోంకా. ఇరవై ఆరేళ్లు ఎక్కించి దించాడు కదా. నలభై రోజులకే మరిచిపోయారు."

పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి.

"మరిచిపోలేదు," అంది ఇవెలీనా.

ఇద్దరూ ఆమె వైపు చూశారు. చేతిలో ఒక చిక్కుడు గింజ ఉంది. దాన్ని గోటితో నొక్కుతోంది.

"కాగితం గాలికి పోలేదు అవ్వా. నేనే పీకాను. శుభ్రత వారానికి. మళ్లీ అంటిద్దామనుకున్నాను. చెత్త బండి తీసుకుపోయింది."

"ఒసే నీ దుంపతెగ!" నాయనమ్మ కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "చూసుకోవక్కర్లేదా? కళ్లు నెత్తికెక్కాయా? పాత కాగితమనుకుని పీకి ఉంటుందక్కా, చిన్నపిల్ల, దానికేం తెలుసు..."

స్తోయ్నా చెయ్యెత్తి నాయనమ్మను ఆపింది. ఆమె గొంతులో కోపం లేదు. ఏదో ఆశ ఉంది.

"పాతదనుకున్నావా అమ్మా? ఆయన ముఖం నీకు కనబడలేదు కదూ?"

అవును అంటే చాలు. నాయనమ్మ కళ్లు కూడా ఆ మాటే అనమంటున్నాయి. ఇవెలీనాకు ఆ ముఖం ఇప్పుడూ కనిపిస్తోంది. టోపీ లేకుండా, తల దువ్వుకుని, ఎప్పుడూ లేనంత బుద్ధిగా.

"కనబడింది," అంది. "తేదీ కూడా చూశాను. స్నెజీనా చెప్పింది కూడా. గోడ మధ్యలో అదొక్కటే ఉంటే ఫోటో బాగుండదన్నాను." ఇక ఆగితే మళ్లీ చెప్పలేనని గబగబా అనేసింది, "శుక్రవారం గుర్తొచ్చింది. అప్పుడూ చెప్పలేదు. బహుమతి తీసేసుకుంటారని."

నాయనమ్మ మెల్లగా కూర్చుంది. దారిన పోయే వాళ్లను పిలిచి చూపించిన తన చేతుల్ని ఒళ్లో దాచుకుంది. "నేను రోజూ ఆ గోడ చూసి మురిసిపోయానక్కా," అంది.

స్తోయ్నా బల్ల పట్టుకుని లేచింది. ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి నిలబడింది. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుంది. కుడివైపు ఫోటోని, సున్నం వేసిన గోడని, నవ్వుతున్న పిల్లని ఆమె చూడలేదు. ఎడమవైపు ఫోటోకు ముఖం దగ్గరగా పెట్టింది. చిరుగుల నడుమ, నల్లంచులో, గోరంత ముఖం. కుంచో తాత ముఖం, నిన్నటి నుంచీ ఇవెలీనా చూడకుండా తప్పించుకుంటున్నది.

స్తోయ్నా అయస్కాంతం తీసి ఫ్రిజ్ మీద పెట్టింది. కాగితాన్ని ముఖం మీద మడత పడకుండా రెండుగా మడిచి, నల్ల కోటు లోపలి జేబులో పెట్టుకుంది. తల మీది గుడ్డ సర్దుకుంది.

"అవ్వా," అంది ఇవెలీనా లేచి.

గోధుమల గిన్నె బల్ల మీదే ఉంది. స్తోయ్నా దాని వైపు గాని, వాళ్ల వైపు గాని చూడకుండా గడప దాటి వెళ్లిపోయింది.